ముందు వైద్యం, తరువాత నగలు

మా మేనల్లుడు ఒక ఆదివారం ఉదయం కొత్త థార్ జీపు వేసుకుని వచ్చాడు. పక్క సీట్లో భార్య, వెనుక సీట్లో ఏడేళ్ల కొడుకు. హైదరాబాదు నుంచి మనాలి మీదుగా లదాఖ్ వెళ్లివస్తారట. కాఫీ తాగుతూ జేబులోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

"మామయ్యా, రెండు లక్షలు దాచాను. బండికి ఇవన్నీ చేయిద్దామని. చూసి చెప్పు."

చూశాను. ముందు బంపరుకు ఇనుప రక్షణ, నెత్తిన వరసగా లైట్లు, వించి, నెత్తి మీద గుడారం, బండిని నాలుగంగుళాలు పైకెత్తే స్ప్రింగులు. చిట్టచివర, చోటు చాలక ఇరికించి రాసిన మాట 'టైర్లు (డబ్బు మిగిలితే)'.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు గదా! కాగితాన్ని తలకిందులు చేసి చదవమన్నాను. వాడు నవ్వాడు గాని నేను నవ్వలేదు. అందుకు కారణం ఉంది.

టాంగ్‌లాంగ్ లా దిగుతుంటే...

2012లో ముగ్గురు మిత్రులం ఒక పాత జీపులో అదే దారిన వెళ్లాం. నెత్తిన నీళ్ల డబ్బాలు, డీజిలు డబ్బాలు, గుడారం. చూడటానికి దండయాత్రకు వెళుతున్నట్లే ఉన్నాం. టాంగ్‌లాంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైచిలుకు. ఎక్కడం ఎలాగో ఎక్కాం. దిగేటప్పుడు నాలుగో మలుపులో బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా నేలకు దిగిపోయింది. ఎడమపక్క లోయ. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, కుడివైపు కొండకు రాసుకుంటూ ఎలాగో ఆపాను. గంటసేపు ఎవ్వరం మాట్లాడుకోలేదు.

జరిగిందేమిటంటే, బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మామూలు డాట్-3 రకం కొత్తలో 205 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగదు. తేమ పట్టాక 140 దగ్గరే మరగవచ్చు. బరువు మోస్తూ పొడుగు దిగుడులో ఎడతెగకుండా బ్రేకు తొక్కితే ఆ వేడి రానే వస్తుంది. మరిగిన ఆయిల్లో బుడగలు పుడతాయి, తొక్కిన బలమంతా బుడగలను నొక్కడానికే చాలిపోతుంది. మా మెకానిక్కు బయలుదేరేముందు ఆయిలు మార్చమనే అన్నాడు. "వచ్చాక చూద్దాంలే" అన్నవాణ్ణి నేనే! నెత్తిన లైట్లకు మాత్రం డబ్బు దొరికింది.

అందుచేత మొదటి ఖర్చు వైద్యానికి. బ్రేకు ఆయిలు, బ్రేకు షూలు, రేడియేటరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, బ్యాటరీ, చక్రాల బేరింగులు. కొత్త బండి అయితే ఈ ఖర్చు ఇంచుమించు సున్న. పాత బండి అయితే తక్కినవన్నీ దీని తరువాతే.

రెండోది టైర్లు

నేలను తాకేది టైరు ఒక్కటే. ఎంత గొప్ప ఇంజనయినా దాని ద్వారానే పని చేయాలి. అన్ని నేలలకూ పనికివచ్చే గట్టి పక్కల టైర్లు, స్టెపినీతో కలిపి అయిదూ ఒకే కొలతవి కావాలి. వాటితోపాటు గాలి కొలిచే మీటరు, బ్యాటరీతో నడిచే చిన్న పంపు, పంక్చరు సామాను. ఇసుకలో దిగబడితే 32 పౌండ్ల గాలిని 20కి తగ్గించి చూడండి. టైరు పరచుకుని తేలుతుంది, చాలాసార్లు వించి అక్కర లేకుండానే బండి బయటికి వస్తుంది. రోడ్డెక్కగానే మళ్లీ గాలి నింపాలి, పంపు అందుకే.

మూడోది తాడు

లాగే తాడు, దాన్ని తగిలించే కొక్కెం, ఒక పార. కొక్కెం ఎంత బరువు లాగగలదో దాని మీద ముద్ర ఉండాలి. ట్రైలరు తగిలించే గుండు కొక్కేనికి సాగే తాడు కట్టి లాగకూడదు. అది తెగితే ఫిరంగి గుండులా వస్తుంది, అలా ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. లాగేటప్పుడు పిల్లవాడు దూరంగా నిలబడాలి, వాళ్లమ్మ కూడా.

తరువాత ధర్మకాటా

ఇక సామాను. కొనే ముందు లెక్క వేయాలి. టాండి బంకు దగ్గర, ముందు 365 కిలోమీటర్ల దాకా మరో బంకు లేదని చెప్పే బోర్డు ఏళ్ల తరబడి ప్రసిద్ధం. థార్ ట్యాంకు 57 లీటర్లు. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లే వచ్చినా 500 దాటుతుంది. ఇక నెత్తిన నాలుగు డబ్బాలెందుకు? బరువైనవి కింద, తేలికైనవి పైన పెట్టి, కదలకుండా కట్టి, మనుషులతో సహా బండిని ధర్మకాటా ఎక్కించాలి. కంపెనీ చెప్పిన హద్దు దాటితే దించవలసింది సామానే. స్ప్రింగులు మార్చాలా వద్దా అన్నది ఆ తూకం చూశాక తేలాలి. బండిని పైకెత్తితే బరువు కేంద్రమూ పైకి పోతుంది, మలుపులో పల్టీ కొట్టే భయం పెరుగుతుంది.

చట్టం మాట కూడా మరువరాదు. బంపరు ముందు ఇనుప రక్షణలు అక్రమమని, వాటిని తీయించమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన అసలు స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సువారు ఆ సంగతి మనకు గుర్తు చేయవచ్చు!

మనిషి మాటేమిటి?

1955 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు ఆరుగురు రెండు ల్యాండ్‌రోవర్లలో లండనులో బయలుదేరి 1956 మార్చిలో సింగపూరు చేరారు. ఆ ఇంజన్ల బలం యాభై చిల్లర గుర్రాలు. మావాడి డీజిలు థార్‌కు 130. బలానికి కొదువ లేదన్నమాట.

కొదువ పడేది ఊపిరికి. టాంగ్‌లాంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉన్నదానికి ఇంచుమించు సగమే. తొలి రాత్రి 4,290 మీటర్ల సర్చులో పడుకోకుండా కింద జిస్పాలో ఆగాలి. లేహ్ చేరాక రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. తలనొప్పి, వాంతులు ముదిరితే ఎంత రాత్రయినా కిందికి దిగిపోవాలి. ఏ సామానూ దీనికి బదులు కాదు.

అంతా విని మా అమ్మాయి మొగుడి చేతిలోంచి కాగితం లాక్కుని వెనుకవైపు కొత్త జాబితా రాసింది. టైర్లు, పంపు, తాడు, కొక్కెం, పార, మందుల పెట్టె. కూడితే రెండు లక్షల్లో సగానికి పైగా మిగిలింది.

"మరి లైట్లో?" అన్నాడు వాడు దీనంగా.

"రాత్రిళ్లు నడపకపోతే సరి!" అంది.

నేను చెప్పవలసినది ఇంకేమీ మిగలలేదు.