ఉన్న బ్యాటరీని లేదను యంత్రము

విజయనగర సామ్రాజ్యపు దండులవెంట దక్షిణమునకు నడచి, 16వ శతాబ్దమున విశ్వనాథ నాయకునితో మదురై రాజ్యము స్థిరపడిన పిమ్మట కొంగునాటను, పాండ్యనాటను ఊళ్లు కట్టుకొని నిలిచిపోయిన తెలుగువారి సంతతి, ఇంట తెలుగును, వీధిలోను బడిలోను తమిళమును మాటాడుచు, నేటికిని ఆ ప్రాంతములందు విస్తారముగా నున్నది. వారిలో కోయంబత్తూరు తెలుగువారికి యంత్రముతోడి సాంగత్యము మిక్కుటము. 1893లో ఆ జిల్లా కలంగల్ గ్రామమున రైతుకుటుంబమునందు జన్మించిన జి.డి. నాయుడు, కూడబెట్టిన సొమ్ముతో ఒక రడ్జ్ మోటారుసైకిలును కొని, దానిని విప్పి, మరల కూర్చి, ఆ విధముగనే యంత్రవిద్య నభ్యసించి, తరువాతి కాలమున, అనగా 1937లో, డి. బాలసుందరం నాయుడుతో కలసి, భారతదేశమున మొదటిదిగా పేరుగాంచిన విద్యుత్ మోటారును తయారుచేసెను. 1951లో పీలమేడునందు వెలసిన పీఎస్‌జీ సాంకేతిక కళాశాలయు ఆ నేల ఫలమే. చెడిన వస్తువును పారవేయుటకు ముందు విప్పి చూడవలెనను బుద్ధి అచ్చట పుస్తకములలో కంటె పట్టెడలలో నెక్కువగా నేర్పబడినది.

అట్టి ఇండ్లలోనికిని, మదురై పరిసరములలోని తెలుగు పల్లెలలోనికిని, 2011 తరువాత లాప్‌టాప్ అను వస్తువు పెద్ద సంఖ్యలో ప్రవేశించినది. ఆ యేటి సెప్టెంబరు 15న, జయలలిత ముఖ్యమంత్రిగా నుండగా, తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా లాప్‌టాప్‌లను పంచు పథకము నారంభించెను. ఆ ప్రభుత్వపు ఎల్కాట్ సంస్థ కొనుగోలు చేసిన ఆ యంత్రములలో విండోస్‌తోపాటు బాస్ లినక్సు కూడ నుండెను. డెబియన్ అను లినక్సు రూపము ఆధారముగా, కేంద్రప్రభుత్వ సంస్థయైన సీడాక్ యొక్క చెన్నై శాఖ రూపొందించి 2007లో విడుదల చేసిన ఈ బాస్, అనగా భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, తెలుగుతో సహా అనేక భారతీయభాషలను తెరపై చూపగలది. అక్కకు వచ్చిన లాప్‌టాప్ తమ్మునికిని, తమ్ముని నుండి ఇంటి లెక్కలకును దిగివచ్చుట పరిపాటి. నడుమ నెలల తరబడి బీరువాలో పడియుండుటయు పరిపాటియే. మరల తీసి చూచినప్పుడు, ప్లగ్గు పెట్టియున్నంతసేపు యంత్రము చక్కగా నడచును గాని, తెరమూలనుండు బ్యాటరీ గుర్తు మాత్రము కనబడదు, లేక "బ్యాటరీ లేదు" అని చెప్పును. దుకాణమునకు కొనిపోయినయెడల, "బ్యాటరీ పోయిందండీ, కొత్తది వేయాల" అను తీర్పు తరచుగా క్షణములో వెలువడును.

ఆ తీర్పు కొన్నిసార్లు నిజమే. కాని "బ్యాటరీ లేదు" అను వాక్యమును పలికినది బ్యాటరీ కాదు, తెరమీది గుర్తు. బ్యాటరీకిని ఆ గుర్తునకును నడుమ నలుగురైదుగురు సాక్షులున్నారు. ఒకరు చెప్పినది మరొకరు వినుచు, విన్నదానిని పైవానికి చేరవేయుచుందురు. నడుమ నే యొకరు మూగవోయినను కడపటివాడు "లేదు" అనియే చెప్పును. కావున ఎవ్వరివద్ద మాట ఆగినదో కనుగొనుటయే ఈ రోగమునకు నిదానము. దానికి లినక్సు ఇచ్చునంతటి సదుపాయము మరొక వ్యవస్థ సామాన్యునకు సులభముగా నీయదు.

మొదటి సాక్షి బ్యాటరీలోపలనే యున్నది. లాప్‌టాప్ బ్యాటరీ యనగా కేవలము లిథియం ఘటముల కట్ట కాదు. దానిలో ఒక చిన్న చిప్పు ఉండి, ఎంత విద్యుత్తు లోపలికి వచ్చినది, ఎంత బయటికి పోయినది, వేడిమి యెంత యని లెక్క వ్రాసికొనుచుండును. రెండవ సాక్షి మదర్‌బోర్డుమీది ఎంబెడెడ్ కంట్రోలరు. కీబోర్డును, ఫ్యానును, చార్జింగును కనిపెట్టుకొనియుండు ఈ చిన్న ప్రాసెసరు, లాప్‌టాప్‌ను ఆపివేసినను తాను మేలుకొనియే యుండి, రెండు సన్నని తీగెలమీద బ్యాటరీ చిప్పుతో సంభాషించుచుండును. మూడవది బయోస్ ఫర్మ్‌వేరు అందించు ఏసీపీఐ పట్టిక. నాలుగవది లినక్సు కెర్నెలు. ఐదవది, కెర్నెలు చెప్పినదానిని గ్రహించి తెరకు అందించు యూపవర్ అను సేవకప్రోగ్రాము.

వీనిలో ఏసీపీఐ సంగతి కొంత విపులముగా చెప్పదగినది. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు తెచ్చిన ఏపీఎం అను పాతపద్ధతిలో విద్యుత్తు వ్యవహారమంతయు బయోస్ చేతిలోనే యుండెడిది; ఆపరేటింగ్ సిస్టము దానిని అర్థించి వినుట తప్ప చేయగలిగినది స్వల్పము. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ప్రకటించిన ఏసీపీఐ ఆ అధికారమును ఆపరేటింగ్ సిస్టమునకు మార్చినది. అయితే ప్రతి లాప్‌టాప్ నిర్మాణము వేరుగా నుండునుగదా. కావున తయారీదారు తన యంత్రమున బ్యాటరీ యెచ్చటనున్నది, దాని నెట్లు ప్రశ్నింపవలెను అను విషయములను ఒక చిన్న భాషలో ప్రోగ్రాముగా వ్రాసి ఫర్మ్‌వేరులో పొందుపరచును. కెర్నెలు ఆ ప్రోగ్రామును చదివి, అందులో చెప్పినట్లు నడచికొని, బ్యాటరీ ఉన్నదా, దాని పరిమాణ మెంత, ఇప్పటి స్థితి యేమి అని అడుగును. ఈ ప్రోగ్రామును వ్రాసినవారు దానిని విండోస్‌పై మాత్రమే పరీక్షించియుందురేని, అందలి చిన్న తప్పులు విండోస్‌లో బయటపడక లినక్సులో బయటపడుట కద్దు. ఇంకొక విచిత్రము: కొన్ని ఫర్మ్‌వేరులు "నీవు ఏ విండోస్?" అని అడిగి, వచ్చిన సమాధానమునుబట్టి దారి మార్చుకొనును. అందుచేత లినక్సు కెర్నెలు ఆ ప్రశ్నకు, తాను విండోస్ ననియే బదులుచెప్పుచు వచ్చుచున్నది. ఆ బదులు సరిపడని యంత్రములలో, స్టార్టు చేయు వేళ ఏసీపీఐ-ఓఎస్‌ఐ అను ఐచ్ఛికముద్వారా వేరొక విండోస్ పేరును చెప్పించి పరీక్షింపవచ్చును. స్టార్టు వేళ వచ్చు గ్రబ్ మెనూలో ఇంగ్లీషు 'ఈ' అక్షరమును నొక్కి చేయు మార్పు ఆ ఒక్క పర్యాయమునకే పరిమితము గనుక భయపడనక్కరలేదు.

ఇక విచారణకు పూనుకొందము. దీనికి టెర్మినలును తెరచి, సిస్ అను డైరెక్టరీలో క్లాస్, అందులో పవర్ సప్లై అను చోటికి పోవలెను. అచ్చట ఏసీ అనియో ఏడీపీ1 అనియో అడాప్టరు పేరును, బ్యాట్0 అనియో బ్యాట్1 అనియో బ్యాటరీ పేరును ఉండవలెను. బ్యాట్ అనునది కనబడి, దానిలోని కెపాసిటీ అను ఫైలు తగిన సంఖ్యను చూపుచుండెనేని, నలుగురు సాక్షులును నిజము పలికినట్లే, దోషము ఐదవవానిది. యూపవర్ నడచుచున్నదా, తెరమీది ప్యానెలులో గుర్తు తొలగిపోయినదా అని చూచినచో చాలును, ఒక్క రూపాయి ఖర్చు లేదు. బ్యాటరీ వివరములు ప్రోక్ డైరెక్టరీలో నుండునని చెప్పు పాత సూచనలను పట్టుకొని, అచ్చట ఏమియు లేదని దిగులుపడరాదు. క్రొత్త కెర్నెళ్లలో వాని చోటు మారినది.

బ్యాట్ అను పేరే కనబడకున్నయెడల డీమెసేజ్ అను ఆజ్ఞతో కెర్నెలు దినచర్యను తెరచి, బ్యాటరీ యను మాట యున్న పంక్తులను వెదకవలెను. ఇచ్చట ఒక్క పంక్తి మిక్కిలి విలువైనది. "బ్యాటరీ స్లాట్ బ్యాట్0, బ్యాటరీ ఆబ్సెంట్" అని యున్నదనుకొందము. దాని భావమేమనగా, కెర్నెలు ఫర్మ్‌వేరు పట్టికను చక్కగా చదివినది, బ్యాటరీకి స్థలమున్నదని గ్రహించినది, అడిగినది, "ఖాళీ" యను సమాధానమును పొందినది. అప్పుడు లినక్సును నిందించుట చాలవరకు వ్యర్థము. దోషము సామాన్యముగా కంట్రోలరునందో, కనెక్టరునందో, బ్యాటరీయందో యుండును. అట్లుగాక స్లాటును గూర్చిన పంక్తియే లేకున్నయెడల, కెర్నెలు అడుగనే లేదని అర్థము. దీనికి సామాన్యకారణములు మూడు. బ్యాటరీ డ్రైవరు లోడు కాకపోవుట మొదటిది. మోడ్‌ప్రోబ్ బ్యాటరీ అను ఆజ్ఞతో దానిని పిలువవచ్చును. రెండవది, లినక్సును ఎక్కించునాడు ఏదో చిక్కువచ్చి ఎవరో ఏసీపీఐ ఆఫ్ అను మాటను బూట్ పంక్తిలో చేర్చి, పని ముగిసినపిమ్మట తీయుట మరచిపోవుట. ఆ ఒక్క మాట ఏసీపీఐ యంతటిని మూసివేయును గనుక బ్యాటరీతోపాటు ఇతర సౌకర్యములును మాయమగును. ప్రోక్‌లోని సీఎండీలైన్ అను ఫైలును చదివినచో అది యున్నదో లేదో తెలియును. మూడవది, యంత్రము క్రొత్తదై కెర్నెలు పాతదగుట. కొన్ని చవుకరకపు ఇంటెల్ ప్రాసెసర్ల చిన్న లాప్‌టాప్‌లలో బ్యాటరీ లెక్కచిప్పు మామూలు దారిని తప్పి విద్యుత్ నియంత్రణ చిప్పుతో కలసియుండును. దానికి వేరు డ్రైవరు కావలెను. క్రొత్త లినక్సును యూఎస్‌బీనుండి, ఎక్కింపకయే, నడిపి చూచినచో ఈ సంగతి తేటపడును.

"ఆబ్సెంట్" అను సమాధానము వచ్చినవారు లినక్సును విడిచి ఇంకొక మెట్టు దిగవలెను. లాప్‌టాప్‌ను స్టార్టు చేయుచు బయోస్ సెటప్‌లోనికి పోయినచో, చాల యంత్రములలో బ్యాటరీ స్థితి అచ్చటనే కనబడును. ఇచ్చట విండోస్, బాస్ రెండును కలిగిన ఆ ప్రభుత్వపు లాప్‌టాప్‌లు పరీక్షకు మిక్కిలి అనువైనవి: బయోసును విండోసును బ్యాటరీని చూచుచుండగా లినక్సు మాత్రమే చూడకున్నచో దోషము పట్టికలోనో కెర్నెలులోనో యున్నది, తయారీదారు క్రొత్త బయోసును విడుదల చేసియుండెనా యని విచారింపవలెను. మూడును చూడకున్నచో పని చేతులతోనిది.

చేతులతో చేయుపనిలో మొదటిది కంట్రోలరు జ్ఞాపకమును తుడిచివేయుట. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, అడాప్టరు తీసి, వెలికి వచ్చు రకమైనచో బ్యాటరీని కూడ తీసి, పవర్ బటనును ముప్పది సెకండ్లవరకు నొక్కిపట్టవలెను. నిలిచియున్న విద్యుత్తు హరించిపోగా కంట్రోలరు మరల మొదటినుండి లెక్క ప్రారంభించును. తీసిన బ్యాటరీ మొనలను పొడిగుడ్డతో తుడిచి, క్లిక్కుమను చప్పుడు వినబడువరకు అమర్చి చూచినచో, బీరువాలో నుండి తీసిన యంత్రములు కొన్ని ఈ పనితోడనే బాగగును. అయితే చేయి పెట్టకముందు ఒక జాగ్రత్త: బ్యాటరీ ఉబ్బియున్నను, టచ్‌ప్యాడు పైకి లేచినట్లున్నను, అడుగుమూత వంగియున్నను, దానిని నొక్కరాదు, గ్రుచ్చరాదు, చార్జి చేయరాదు. అది మరమ్మతునకు కాక విసర్జనకు తగినది. చెత్తబుట్టలో గాక విద్యుత్ వ్యర్థములను స్వీకరించువారికే ఒప్పగింపవలెను.

చిరకాలము ఊరకయుండిన బ్యాటరీ విషయమున మరొక కారణము కలదు. లిథియం ఘటము సామాన్యముగా 3.7 వోల్టులది, అది మిక్కిలి క్రిందికి దిగిపోయినప్పుడు, లోపలి రక్షణసర్క్యూటు ఘటమును బయటి తీగెలనుండి విడదీయును. అప్పుడు బ్యాటరీ చేతిలో నున్నను, కంట్రోలరు దృష్టికి లేనట్లే. అడాప్టరును కొన్ని గంటలు పెట్టియుంచినచో కొన్ని బ్యాటరీలు తిరిగి పలుకును; పలుకని వానిని బయటి తీగెలతో బలవంతముగా చార్జి చేయు సాహసము అగ్నిప్రమాదమునకు దారితీయును.

బ్యాటరీ కనబడుచున్నను తప్పు కనబడునట్లు భ్రమగొలుపు సందర్భములు కూడ నున్నవి. స్టేటస్ అను ఫైలులో "నాట్ చార్జింగ్" అని యుండి, అంకె అరువది వద్దనో ఎనుబది వద్దనో నిలిచిపోయినచో, అది రోగము కాకపోవచ్చును; బ్యాటరీ ఆయువును పెంచుటకై చార్జింగునకు పెట్టిన హద్దు కావచ్చును. అట్లే, నిండుగా నున్నదని చూపి, ప్లగ్గు తీసిన పదినిమిషములకే ఆరిపోవు బ్యాటరీ యొక్క నిజస్థితిని రెండు ఫైళ్లు తెలుపును. చార్జ్ ఫుల్ డిజైన్ అనునది అది పుట్టినప్పటి శక్తి. చార్జ్ ఫుల్ అనునది ఇప్పుడు పట్టగల శక్తి. ఈ లెక్క మిల్లీయాంపియర్ గంటలలో వేయవ వంతులలో నుండును. 4,400 మిల్లీయాంపియర్ గంటల బ్యాటరీకి మొదటి ఫైలులో 44,00,000 అని యుండగా, రెండవదానిలో 11,00,000 అని కనబడినచో, నాలుగింట మూడువంతులు తరిగిపోయినదని స్పష్టము. కొన్ని యంత్రములలో చార్జ్ అను మాటకు బదులు ఎనర్జీ అని యుండును. పోల్చు విధానము మాత్రము మారదు.

ఇంతయు చేసిన పిమ్మటను ఫలితము కలుగకపోవచ్చును. అప్పుడు దుకాణమునకు పోవలసినదే. కాని వట్టిచేతులతో పోవలదు: బయోస్ ఏమి చూపినదో, డీమెసేజ్‌లో స్లాటును గూర్చి యేమున్నదో, అంకెలు కనబడియున్నచో ఆ రెండంకెలేమో ఒక కాగితముపై వ్రాసికొని పోవలెను. చేతిలో పనితనమున్న మరమ్మతుదారునికి ఆ మూడు పంక్తులతో, కనెక్టరును చూడవలెనో, బ్యాటరీని మార్చవలెనో, బయోసును నవీకరింపవలెనో తెలిసిపోవును; పనితనము లేనివాడు ఆ కాగితమును చదువనిచ్చగింపక "కొత్తది వేయాల" అనియే పలికినచో, ఆ దుకాణమును విడిచి మరొకదానికి పోవుటకు అదియే తగిన కారణము.