సముద్రంలో కస్టమర్లు ఉండరు!

డేటా అనలిస్ట్ పోస్టుకి సర్టిఫికెట్లు అందరి దగ్గరా ఉంటున్నాయి. చేసి చూపించే ప్రాజెక్టు కావాలా? 2016లో హైదరాబాద్‌లో మొదలైన డ్రంకెన్ మంకీ లాంటి స్మూతీ చెయిన్‌కి విశాఖలో కొత్త షాపు ఎక్కడైతే నడుస్తుందో తేల్చండి. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చాలు.

చాలామంది షాపు చుట్టూ రెండు కిలోమీటర్ల వృత్తం గీసేసి లోపలి జనాభా లెక్కేస్తారు. బీచ్ రోడ్డులో గీసి చూడండి, దాదాపు సగం బంగాళాఖాతంలో పడుతుంది. చేపలు స్మూతీ తాగవు కదా! పాతనగరం నుంచి డాల్ఫిన్స్ నోస్ ఎదురుగానే కనిపిస్తుంది. మధ్యలో హార్బర్ కాలువ, రోడ్డు మీదైతే బోలెడంత చుట్టు తిరగాలి.

అందుకే పది నిమిషాల్లో రోడ్డు మీద చేరగలిగే ప్రాంతం గీయండి. ఓపెన్‌రూట్‌సర్వీస్ ఆ పని చేసిపెడుతుంది. వృత్తం మ్యాపు, రోడ్డు మ్యాపు రెండూ పక్కపక్కన రెజ్యూమెలో పెట్టండి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ తేడా మీదే రావచ్చు.