గ్రామ పటంలో ఎవరి భూమి?

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో ఏ ఊరి పాత గ్రామ పటం తీసినా గీతలూ అంకెలే కనిపిస్తాయి. కాలువలు, డొంకలు, సర్వే రాళ్లు ఉంటాయి. భూమి ఎవరిదో మాత్రం ఉండదు. అది తెలియాలంటే సర్వే నంబరు పట్టుకుని సెటిల్‌మెంట్ రిజిస్టరు తెరవాలి. ఈ రెండూ కలిపి చదివితేనే దళితులు ఎక్కడ తప్పిపోయారో తెలుస్తుందని మేం అంటున్నాం.

1855కి బెజవాడ ఆనకట్ట పూర్తయింది. 1858లో మద్రాసు ప్రభుత్వం సర్వే శాఖ పెట్టింది. కాలవ నీరు పారిన చేను ‘పల్లం’ అయింది, శిస్తు పెరిగింది. సర్కారుకి కావలసింది శిస్తు కట్టేవాడి పేరు. అదే రిజిస్టరుకెక్కింది. నాట్లేసి, కోతలు కోసి, కుప్పలు నూర్చిన మాల మాదిగలు ఏ గడిలోకీ రాలేదు. లెక్క రాసిన కరణం కొలువు 1984లో పోయింది గానీ ఆ లెక్క పోలేదు.

దివిసీమలో చల్లపల్లి జమీందారీ ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారును తీసేసి రైతువారీ పట్టాలిచ్చింది. ఎవరికి? చట్టం ‘రైతు’ అన్నవాళ్లకి. తరాలుగా అదే మడిలో దిగిన పాలేరు ఆ మాటలోకి రాడు.

తర్వాత బంజరు, లంక భూముల్లో పేదలకి డి.ఫారం పట్టాలిచ్చారు. ఆ భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. అదే ఏడు నవంబరు 19న ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. ఇల్లే మిగలని వాళ్లకి పట్టా కాగితం ఎక్కడ మిగులుతుంది?

2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలుపెట్టారు. డ్రోను గట్టును చూస్తుంది, గట్టు జరిపిందెవరో చూడదు. 2023లో 1977 చట్టాన్ని సవరించి, అసైన్‌మెంటు జరిగి 20 ఏళ్లు దాటితే అసలు పట్టాదారుకీ వారసులకీ పూర్తి హక్కు అన్నారు. అంటే, అసలు పట్టాదారు ఎవరన్నదే ఇవాళ తగాదా.

అందుకని పల్లెలో చదువుకున్న పిల్లలు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి: గ్రామ పటం, సెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత అడంగళ్లు. అడంగల్లో ఫసలీ ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1400 అంటే 1990 జూలైలో మొదలైన ఏడాది. సాగుదారు గడిలో పేరు ఏ ఫసలీలో మారిందో పట్టుకుంటే, భూమి ఎప్పుడు చెయ్యి జారిందో దొరుకుతుంది. పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలే ఉంటే వాటికి 2017లో వేరే చట్టం వచ్చింది, అదీ చూడాలి.

పటం గీసినవాళ్లు మనల్ని అడగలేదు. చదవడం మన చేతిలో ఉంది.