మరిచిపోని తీగ
వేడి నీళ్లు తగలగానే పాత ఆకారం తెచ్చుకునే లోహం పిల్లల్లో ప్రశ్నలు పుట్టిస్తుంది

ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్‌ను ఆనుకునే ఐఐటీ ప్రాంగణం. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఆ సంస్థలో అడుగు పెట్టించాలనే తెలుగునాట ఆరో తరగతి నుంచే ‘ఫౌండేషన్’ కోచింగ్‌లు. రైల్వే కొలువుల కోసం వచ్చి తరతరాలుగా ఈ ఊళ్లోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ ఆశ తక్కువేమీ కాదు. అయితే లోహశాస్త్రంలో ఓనమాలు దిద్దడానికి ఎంట్రన్స్ ర్యాంకు అక్కర్లేదు. జానెడు నిటినాల్ తీగ, గ్లాసుడు వేడి నీళ్లు చాలు.

తిన్నటి తీగను వేలికి చుట్టి, ఆ చుట్టను వేడి నీళ్లలో వేస్తే క్షణాల్లో మళ్లీ తిన్నగా సాగుతుంది. పక్కనే రాగి తీగనూ వేయాలి. దాన్ని ఎలా వంచితే అలాగే ఉంటుంది. ఈ పోలిక లేకపోతే ప్రయోగం కాస్తా గారడీ అయిపోతుంది.

నికెల్, టైటానియం దాదాపు సమంగా కలిసిన ఈ మిశ్రమలోహంలో పరమాణువులకు రెండు అమరికలు. చల్లగా ఉన్నప్పుడు ఒకటి, వేడెక్కితే మరొకటి. చల్లటి తీగను వంచినా పరమాణువులు తమ ఇరుగుపొరుగును వదలవు, వరుసలు పక్కకు ఒరుగుతాయంతే. వేడి తగలగానే అవి పాత చోటికి చేరతాయి. మరీ ఎక్కువగా వంచితే మాత్రం ఆ బంధాలు చెదిరి, ‘జ్ఞాపకం’ పోతుంది.

దీని సంగతి బయటపడిన తీరూ తమాషాయే. అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణుల కోసం ఈ లోహంపై పని చేస్తున్నారు. 1960ల తొలినాళ్లలో ఓ సమావేశంలో, మడతలు పెట్టిన నిటినాల్ రేకును డేవిడ్ మజీ అనే అధికారి తన పైపు లైటర్‌తో వేడి చేశారు. మడతలు విప్పుకుని రేకు సాగింది. 1997లో అంగారకుడిపై దిగిన సోజర్నర్ రోవర్‌లోనూ ఓ చిన్న గాజు పలకను కదిపింది నిటినాల్ తీగే.

ఎనిమిదో తరగతి పిల్లలైతే థర్మామీటర్ పట్టుకోవచ్చు. నీళ్లను మెల్లగా వేడి చేస్తూ తీగ ఎన్ని డిగ్రీల దగ్గర కదిలిందో రాసుకోవాలి. ఫలితం తీగను బట్టి మారుతుంది. నికెల్ పాలు ఒక్క శాతం పెరిగినా ఆ ఉష్ణోగ్రత వంద డిగ్రీల దాకా పడిపోవచ్చు. పళ్లకు క్లిప్పులు వేసే డాక్టర్లు వాడే ఒక రకం తీగ ఐసు నీళ్లలో మెత్తబడి, ఒంటి వేడికే బిగుస్తుంది. చిన్న పిల్లలకు అదే క్షేమం. తీగకు కొత్త ఆకారం నేర్పాలంటే సుమారు 500 డిగ్రీల వేడి కావాలి కాబట్టి ఆ పని పెద్దలదే.

ఇక చురుకైన పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: చల్లారాక తీగ మళ్లీ చుట్టలా ఎందుకు మారదు? మామూలు నిటినాల్‌కు గుర్తుండేది వేడిలో నేర్చుకున్న ఆకారం ఒక్కటే. చల్లగా ఉన్నప్పుడు ఎవరెలా వంచారన్నది దానికి లెక్కలేదు.