కొత్త బండియా, పాత బండియా?

"కొత్త యొక వింత, పాత యొక రోత" యని మన పెద్దలు చెప్పిన సామెత చీరలకును పాత్రలకును చెల్లునేమో కాని, కుటుంబమునకు కూడు పెట్టెడి బండికి చెల్లదని గడచిన యేడు నాకు తెలిసివచ్చినది. సోదరీమణులారా! బండ్ల సంగతి పురుషులు చూచుకొనవలసినది గదా, గృహిణులకు దానితో పని యేమి యని మీరు పుట త్రిప్పివేయకుడు. ఆ బండిని కొనుటకై కుదువబడినవి ఒక యిల్లాలి గాజులు. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిని.

మా నివాసము చిక్కడపల్లి. తెల్లవాఱక మునుపే బోయినపల్లి నుండి కూరగాయల మూటలతో చిన్న బండ్లు వచ్చి మా అంగడి యెదుట బారులు తీర్చి నిలుచును. పగటివేళ నట్టి బండ్లే నారాయణగూడ దుకాణములకు బియ్యపు బస్తాలను, ఇండ్లకు నీళ్ల డబ్బాలను మోయును. అశోక్‌నగరులో ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను పిల్లలు వేలకొలదిగా వసతిగృహములలో నుందురు. నెల మాఱినప్పుడెల్ల వారి మంచములను, పుస్తకముల మూటలను ఒక గది నుండి మఱియొక గదికి చేర్చునవియు నీ బండ్లే. పెద్ద లారీ దూరలేని సందులో నిది దూరి, మన గుమ్మము ముందు నిలుచును. మన వంటయింటికి వచ్చు వస్తువులలో దీని వీపు మీద నెక్కి రానిది అరుదు.

మా వీధి చివరనున్న యొక యిల్లాలి భర్తకు అట్టి బండియే జీవనాధారము. పదునొకండు సంవత్సరములు ఒకే బండితో సంసారము నడపి, ఇద్దరాడుపిల్లలను చదివించుచున్నాడు. ఆ బండి పాతదైనదని, కొత్త రూపుతో నప్పుడే అంగడికి వచ్చిన యొక బండిని అప్పుపై కొనెను. అది యే సంస్థదో చెప్పుట అనవసరము. ముందుగా కట్టవలసిన సొమ్మునకు ఆమె గాజులను కుదువబెట్టిరి. అప్పు పత్రము మీద ఆమెయు సంతకము చేసినది. నెలకు పదునాలుగు వేల రూపాయల వాయిదా.

మూడవ నెలలో బండి ముందుభాగమున నొక యెఱ్ఱదీపము వెలిగి ఆఱకుండెను. పదునొకండు దినములు కర్మాగారములో నుంచిరి. ఒక చిన్న సెన్సారు చెడినదట. దానిని ఉచితముగానే మార్చిరి కాని, అది వచ్చువఱకు బండి కదలలేదు. తరువాతి నెలలో మఱల దీపము వెలిగినది, బండి యెత్తు ఎక్కలేకపోయినది. ఈసారి యెనిమిది దినములు. పైగా, "ఇది మీరు నడపిన తీరు వలన కలిగినది, హామీ క్రిందికి రాదు" అని సొమ్మును పుచ్చుకొనిరి. మొత్తము పందొమ్మిది దినముల సంపాదన పోయినది. వాయిదా మాత్రము ఒక్క దినమైనను ఆగలేదు. పాత బండిని కొనుక్కొనిన వడ్రంగి దానిపై బల్లలు వేసికొని నారాయణగూడలో తిరుగుచునే యుండెను. "అక్కా! మేము అమ్మిన బండి తిరుగుతున్నది, మేము కొన్న బండి పండుకున్నది" అని ఆమె నా యెదుట కన్నీరు పెట్టుకొన్నది. అంతటితో నాగక, ఊరిలోనున్న ఆమె తమ్ముడును అట్టి బండినే కొన నుద్యుక్తుడై యున్నాడనియు, ఏమి చెప్పవలెనో తెలియకున్నదనియు ననెను. నాకును తెలియదు. తెలిసికొందమని బయలుదేరితిని.

మొదట ఈ బండ్ల చరిత్రను కొంచెము చెప్పెదను. 1980 దశకములో జపాను సంస్థల సహాయముతో మన దేశమున నాలుగు సంస్థలు తేలిక లారీలను చేయ మొదలిడెను. అందు డీసీఎం టయోటా యొకటి. ఆ సంస్థ చేతులు మాఱి యెన్నడో కనుమఱుగైనను, హైదరాబాదువారు నేటికిని ఆ పరిమాణముగల లారీని, అది యెవరు చేసినదైనను, "డీసీఎం" అనియే పిలుచుచున్నారు. మఱియొకటి మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ నిస్సానుతో కూడి జహీరాబాదులో చేసినది. అది పిమ్మట మహీంద్రావారి వశమైనది. 2005లో టాటావారు ఏస్ అను చిన్న బండిని తెచ్చిరి. రెండు సిలిండర్లు, పదునాఱు గుఱ్ఱముల బలము, ముప్పాతిక టన్ను మోయుశక్తి. జనులు దానికి "ఛోటా హాథీ", అనగా చిన్న యేనుగు, అని ముద్దుపేరు పెట్టిరి. అట్టివి యిరువది లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. పరుల బండికి బాడుగ డ్రైవరుగా నున్న యెందఱో దానివలన సొంత బండికి యజమానులైరి.

ఆ కాలపు డీసెలు ఇంజనులో రహస్యమేమియు లేదు. ఒక పంపు చమురును కొలిచి పోయును, అది మండును, బండి నడచును. నాడి పట్టి రోగము చెప్పు వైద్యుని వలె, మెకానిక్కు చప్పుడు విని లోపము చెప్పగలిగెడివాడు. తీగ కట్టియో, మేకు బిగించియో బండిని ఆ దినమే ఇంటికి పంపెడివాడు. మన పాత బండ్ల దీర్ఘాయువునకు ఇది ముఖ్యకారణము. అవి చెడవని కాదు. చెడినను వీధి మలుపులోనే బాగుపడును.

తరువాత పొగను గూర్చిన చట్టములు కఠినమైనవి. 2017 ఏప్రిలు 1 నుండి దేశమంతటను భారత్ స్టేజి నాలుగు నియమములును, నడుమ అయిదవ మెట్టును విడిచి, 2020 ఏప్రిలు 1 నుండి ఆఱవ నియమములును అమలులోనికి వచ్చినవి. 2023లో వానిని మఱింత బిగించి, బండి నడచునప్పుడే తన పొగను తాను పరీక్షించుకొనవలెనని విధించిరి. అందువలన తయారుచేయువారు ఇంజనును మూలమునుండి మార్చక తప్పలేదు. ఇప్పుడు చమురు వాతావరణపు ఒత్తిడికి వేయి రెట్లు మించిన ఒత్తిడితో సన్నని రంధ్రముల గుండ చిమ్మబడును. ఎంత చిమ్మవలెనో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయించును. దానికి కన్నులు, చెవులు అనదగిన సెన్సారులు పెక్కులు. వానిలో నొకటి తప్పు చెప్పినను ఇంజను తన బలమును తానే తగ్గించుకొనును. నీరు కలిసిన చమురు, దుమ్ము పడిన డబ్బాలోని చమురు, పాత బండి కడుపులో నరిగినట్లు దీని కడుపులో నరుగదు.

ఇక డీసెలు బండ్లలో ననేకమునకు పొగ గొట్టమున మసిని పట్టెడి జల్లెడ యొకటి కలదు. దానిని డీపీఎఫ్ అందురు. టీ వడపోసిన జల్లెడను కడుగకున్న రంధ్రములు మూసికొనిపోవునట్లే, ఇదియు మసితో మూసికొనిపోవును. దానిని కడుగునది నీరు కాదు, వేడి. సుమారు ఆఱువందల డిగ్రీల వేడికి మసి కాలి జల్లెడ శుభ్రమగును. అంత వేడి కలుగవలెనన్న బండి కొంతసేపు ఆగక, ఒకే తీరుగా పరుగెత్తవలెను. మన పొరుగువాని పని యేమి? చిక్కడపల్లి నుండి నారాయణగూడకు, నారాయణగూడ నుండి అశోక్‌నగరునకు. అడుగడుగున ఆగుట, మఱల కదలుట. మెట్రో స్తంభముల నడుమ, చౌరస్తా దీపముల యెదుట బండికి వేడి యెక్కనే యెక్కదు. పాత బండికి ఈ నడక వలన కొదువ రాలేదు. కొత్తదానికి ఇదియే రోగకారణము. దీపము వెలిగినను, "పాతదానిలో నిట్టి దీపము లేదు గదా" యని అతడు పది దినములు లక్ష్యపెట్టలేదు.

కావున తప్పు ఎవరిది? సెన్సారు చెడుట తయారుచేసినవారి తప్పు. దీపమును ఉపేక్షించుట నడపినవాని తప్పు. కాని, ఈ బండి యెట్టి నడకను కోరునో అమ్మునప్పుడు ఒక్క మాటయైన చెప్పకుండుట అమ్మినవారి తప్పు. రంగును, అద్దములను, కూర్చుండు మెత్తలను వర్ణించినవారు జల్లెడ మాట యేల చెప్పరాదు?

మొదటి దినములలో తప్పటడుగులు పడుట మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో టయోటావారి టండ్రా యను పెద్ద పికప్ బండి మన్నికకు పేరుపొందినది. 2022 నమూనాలో వారు చిరకాలము నడచిన ఎనిమిది సిలిండర్ల ఇంజనును తీసివేసి, ఆఱు సిలిండర్ల కొత్త ఇంజనును పెట్టిరి. 2024 మే నెలలో సుమారు ఒక లక్ష బండ్లను వెనుకకు పిలువవలసివచ్చెను. ఇంజనును చేయునప్పుడు కోసిన లోహపు రజను లోపల మిగిలి, బండి నడుమ త్రోవలో ఆగిపోవు ప్రమాదము కలదని తేలినది. అంతటి యనుభవజ్ఞులకే తొలి యేటి గండము తప్పలేదన్న, సామాన్యుడు తన జీవనమును తొలి యేటి బండి మీద నిలుపుట యెంత సాహసమో యోచింపుడు.

అట్లని పాతబండియే పరమోత్తమమని నేననుట లేదు. మా వారు ఉపాధ్యాయులు. వారి పాఠశాల గుమ్మమున ఒక పాత బండి యాగినచో, పిల్లలు దగ్గుచుందురని కిటికీలు మూయించుచుందురు. డీసెలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగము 2012లో నిర్ధారించినది. నాలుగవ నియమములో డీసెలు కారు కిలోమీటరునకు 25 మిల్లీగ్రాముల మసిని విడువవచ్చును. ఆఱవ నియమములో 4.5 మాత్రమే. మనము తిట్టుకొనెడి ఆ జల్లెడయే మన బిడ్డల ఊపిరిని కాపాడుచున్నది. మఱియు పాత బండికి ఖర్చు లేదనుటయు పొరపాటే. బాడుగ బండ్లకు ఎనిమిదేండ్ల వఱకు రెండు సంవత్సరములకొకమాఱును, ఆపైన ఏటేటను యోగ్యతాపత్రమును పొందవలెను. నిలుపుశక్తి తగ్గిన బ్రేకులు, తుప్పుపట్టిన అడుగుభాగము పైరంగు క్రింద దాగియుండును.

అరణ్యపర్వములోని నలోపాఖ్యానము మీరందఱు చదివినదే. ఋతుపర్ణుడు ఒక్క దినములో విదర్భకు పోవలెనని కోరగా, బాహుకుని రూపముననున్న నలుడు కొవ్వి బలిసిన గుఱ్ఱములను విడిచి కృశించినవానిని ఎన్నుకొనెను. రాజు శంకించెను. నలుడు చూచినది రూపమును కాదు, లక్షణములను. బండిని కొనువారికి ఇంతకు మించిన పాఠము లేదు. కొత్తదా, పాతదా యనునది ప్రశ్న కాదు; మన త్రోవకు తగినదా యనునదే ప్రశ్న.

నేను తెలిసికొనినంతలో సోదరీమణులకు విన్నవించునది యిది. కొత్త రూపు అంగడికి వచ్చిన తొలి యేడు కొనవలదు. రెండు మూడేండ్లు ఇతరుల చేతిలో నడచి, లోపములు బయటపడి దిద్దబడిన పిమ్మట కొనుడు. దినమునకు ఎంత దూరము, ఎట్టి దారిలో నడపెదరో అమ్మువానికి చెప్పి, దానికి డీసెలు తగునా, పెట్రోలా, గ్యాసా యని యడుగుడు. పొట్టి దారులకు విద్యుత్ బండ్లును వచ్చినవి. వానికి మసి బాధ లేదు కాని, అద్దె యింటి సందులో రాత్రి వానికి విద్యుత్తు ఎక్కించు చోటు కలదో లేదో ముందే చూచుకొనుడు. మరమ్మతుశాల ఎంత దూరము, విడిభాగములు ఎన్ని దినములలో వచ్చును, హామీ వేనికి చెల్లదు అనునవి వ్రాతమూలముగా తీసికొనుడు. రెండు నెలల వాయిదాకు సరిపడు సొమ్మును ప్రక్కన పెట్టక సంతకము చేయకుడు. దీపము వెలిగినచో ఆ దినమే చూపింపుడు.

చట్టమును మన పక్షముననే యున్నది. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, లోపమున్న బండ్లను వెనుకకు పిలిపించి సరిచేయుమని తయారుచేసినవారిని శాసించు అధికారము కేంద్ర ప్రభుత్వమునకు కలదు. అదే యేటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, తన పొట్టపోసికొనుటకు తానే పనిచేసికొనువాడు కొనిన బండి వ్యాపారపు సరకుగా నెంచబడదు. అతడును వినియోగదారుడే, ఫిర్యాదు చేసికొనవచ్చును. 1915 అను సంఖ్యకు టెలిఫోను చేసిన దారి చెప్పుదురు.

మా పొరుగువాడిప్పుడు వారమునకు మూడు దినములు తెల్లవాఱుజామున బోయినపల్లి కూరగాయల బాడుగను ఒప్పుకొన్నాడు. ఆ వేళ దారులు ఖాళీగా నుండును; బండి ఆగక పరుగెత్తును, జల్లెడలోని మసి కాలిపోవును, పైగా నాలుగు రూపాయలు వచ్చును. ఆ యెఱ్ఱదీపము మరల వెలుగలేదు. ఆమె తమ్ముడు కొత్త రూపును మానుకొని, ఆఱవ నియమమునకు లోబడినదే, నాలుగేండ్లు నడచినదానిని, నమ్మకమైన మెకానిక్కుతో అడుగుభాగము వఱకు చూపించి కొన్నాడు. దానికై అక్కగారి సొమ్మును అడుగవలసిన పని కలుగలేదు.

గాజులలో ఒక జత విడిపించుకొన్నారు. రెండవ జత యింకను కుదువలోనే యున్నది. మొన్న పేరంటమునకు వచ్చినప్పుడు ఆమె చేతులకు మట్టిగాజులతో నడుమ ఆ యొక్క జతయే మెఱసినది. ఆ మెఱుపును చూచి సంతోషించితిని. లేనిదానిని తలచి, మఱియొక యిల్లాలికి ఈ నష్టము కలుగకుండుగాక యని యిది వ్రాసితిని.