ఎడారిలో వరద వస్తుందా?



గత నెల ఏడో తరగతిలో ఎడారుల పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, లాస్ వెగాస్‌లో ఉండే మా బాబాయి వాళ్లు కారులో డెత్ వ్యాలీ వెళ్దామనుకున్నారట. వరదకి రోడ్డు కొట్టుకుపోయిందని ఆగిపోయారట. ఎడారిలో వరదేంటి మేడమ్?" క్లాసంతా నవ్వింది. నాకూ ఆ రోజు సగం జవాబే తెలుసు. ఇంటికెళ్లి చదివాక తెలిసిన మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మన పేరెంట్స్‌లో చాలామందికి అమెరికాలో బంధువులున్నారు కదా.

డెత్ వ్యాలీ కాలిఫోర్నియాలో ఉంది. 1913 జూలై 10న అక్కడ నమోదైన 56.7 డిగ్రీల సెల్సియస్ ఇప్పటికీ ప్రపంచ రికార్డు. ఏడాదంతా కలిపి పడే వాన ఐదారు సెంటీమీటర్లే. అలాంటి చోట 2022 ఆగస్టు 5న కొన్ని గంటల్లోనే 3.7 సెంటీమీటర్ల వాన కురిసింది. మనకైతే అది ఒక సాయంత్రం జల్లు. అక్కడ మాత్రం రోడ్లు తెగి, టూరిస్టులు, సిబ్బంది కలిపి సుమారు వెయ్యిమంది చిక్కుకుపోయారు.

కారణం నేలలో ఉంది. అక్కడ నీటిని పీల్చుకునే మెత్తటి మట్టి లేదు, ఆపే చెట్లూ లేవు. ఉన్నదంతా బండ, గులకరాళ్లు, ఎండకి గట్టిపడిన నేల. లోయ అడుగు సముద్రమట్టానికి 86 మీటర్లు కిందుంటే, పక్కనే ఉన్న టెలిస్కోప్ పీక్ ఎత్తు 3,368 మీటర్లు. ఆ కొండల మీద పడిన నీరు దాదాపు అంతా ఇరుకు లోయల్లో చేరి, రాళ్లనీ బురదనీ దొర్లించుకుంటూ కిందికొస్తుంది.

పల్లెల్లో పెరిగినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎగువన ఎక్కడో వాన పడితే మన ఊరి వాగు పొంగుతుంది, మన నెత్తిన చినుకైనా పడకపోవచ్చు. 1997 ఆగస్టులో అరిజోనాలోని యాంటిలోప్ కేన్యన్‌లో 11 మంది టూరిస్టులు ఇలాగే చనిపోయారు. వాన పడింది వాళ్లున్న చోట కాదు, మైళ్ల దూరంలో.

దారి తప్పినవాళ్లకి అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. కొండల మధ్య కారుకి అనువుగా, చదునుగా కనిపించేది ఎండిన వాగే. చూడ్డానికి అచ్చం మట్టిరోడ్డులా ఉంటుంది. దిగాక చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి, పదునైన రాళ్లు టైర్లని కోసేస్తాయి. అప్పుడు కారు ఆగేది నీళ్లొచ్చే దారిలోనే. పారే నీరు ఒక అడుగు లోతుంటే చాలు, చిన్న కారు కొట్టుకుపోతుంది. రెండడుగులైతే పెద్ద బళ్లూ నిలవవు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఎక్కడికైనా వెళ్లొచ్చని ప్రకటనల్లో చూపిస్తారు గానీ, తేలిపోతున్న బండికి నాలుగు చక్రాలూ తిరిగినా ఉపయోగం లేదు.

1996 జూలైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, ఇద్దరు పెద్దలు ఇద్దరు పిల్లలు, అద్దెకు తీసుకున్న మామూలు వ్యాన్‌లో ఇలాంటి దారి పట్టారు. టైర్లు పాడైన ఆ వ్యాన్ అక్టోబరులో యాన్విల్ కేన్యన్‌లో దొరికింది. అందులో ఎవరూ లేరు. ఇద్దరు పెద్దల అవశేషాలు 2009లో గానీ బయటపడలేదు. అక్కడ వాళ్లని చంపింది వరద కాదు, ఆ నేలా ఆ ఎండా.

ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ ఉందిగా అంటారు పిల్లలు. ఎప్పుడో వదిలేసిన గనుల దారుల్ని కూడా జీపీఎస్ రోడ్డుగానే చూపించొచ్చు. వాటిని నమ్మి చనిపోయినవాళ్లు ఉండబట్టే అక్కడి రేంజర్లు 'డెత్ బై జీపీఎస్' అనే మాట వాడతారు. పైగా వరద తర్వాత నిన్నటి రోడ్డు ఈరోజు ఉండకపోవచ్చు. 2023 ఆగస్టు 20న ఒక్కరోజే 5.6 సెంటీమీటర్ల వాన పడి, పార్కు దాదాపు రెండు నెలలు మూతపడింది.

మీవాళ్లెవరైనా అటు వెళ్తుంటే బయల్దేరే ఉదయం పార్కు వెబ్‌సైట్‌లో రోడ్ల వివరాలు చూడమనండి. ఏ దారిన వెళ్లి ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పాలి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి కాగితం మ్యాప్ ఉండాలి. బండి ఆగిపోతే ఎండలో నడుచుకుంటూ పోకూడదు. మనిషి కంటే కారే పైనుంచి తొందరగా కనిపిస్తుంది. కారు వాగులో ఆగి, వాన సూచన ఉంటే మాత్రం దిగి గట్టు మీదికి వెళ్లాలి.

ఆ అబ్బాయి ఇప్పుడు బాబాయి కోసం చెక్‌లిస్ట్ రాస్తున్నాడు. మొదటి లైన్ నీళ్లు. మనిషికి రోజుకి కనీసం 4 లీటర్లు, నలుగురికి, మూడు రోజులకి. 48 లీటర్లు డిక్కీలో పడతాయా అని నిన్న స్టాఫ్‌రూమ్‌కి వచ్చి అడిగాడు.