బొమ్మ తెర మీదికి వచ్చిందని ఫోనుకు ఎలా తెలుస్తుంది?

శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజున మీరు చిట్టమూరులో ఒక మేడ ఎక్కి నిలబడ్డారనుకోండి. రాకెట్ నేల విడిచిన క్షణంలోనే మీకు కనబడదు. చెట్ల వరుస దాటి పైకి వచ్చాకే కనబడుతుంది. రాకెట్ బయలుదేరటం వేరు, మన చూపులోకి రావటం వేరు.

సెల్‌ఫోనులో వెబ్ పేజీ తెరిచినప్పుడు కూడా ఇంతే. పేజీ బారెడు పొడవుంటుంది, తెర జానెడు. వేలితో పైకి జరుపుతుంటే కింది బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తాయి. సిగ్నల్ సరిగా లేనిచోట గమనించండి: చాలా పేజీల్లో బొమ్మ ఉండవలసిన చోటు ముందు ఖాళీగా ఉండి, మీరు దగ్గరకు వచ్చాక నిండుతుంది. బొమ్మలన్నిటినీ ఒకేసారి తెప్పిస్తే, మీరు చూడని వాటికి కూడా డేటా ఖర్చవుతుంది కదా! అందుకే దగ్గరకు వచ్చినవాటినే తెప్పిస్తారు. మరి దగ్గరకు వచ్చిందని ఫోనుకు ఎలా తెలుస్తుంది?

ఒక ప్రయోగం చేద్దాం. అట్టముక్కలో 12 సెంటీమీటర్ల ఎత్తున కిటికీ కోయండి. పొడవాటి కాగితం పట్టీ మీద పైనుంచి సెంటీమీటర్ల గీతలు గీసి, 30 నుంచి 36 వరకు ఒక కొంగ బొమ్మ వేయండి. పట్టీని కిటికీ వెనక పెట్టి పైకి జరపండి. 18 సెంటీమీటర్లు జరిపేసరికి కిటికీలో 18 నుంచి 30 వరకు కనబడుతుంది. కొంగ తల అంచుకు తగిలింది. 21 జరిపితే సగం కొంగ, 24 జరిపితే పూర్తి కొంగ.

కిటికీలోకి చూడకుండానే ఈ సంగతి చెప్పవచ్చు. కిటికీ, కొంగల అడుగు అంచులలో చిన్న అంకె తీసుకోండి. అందులోనుంచి పై అంచులలో పెద్ద అంకె తీసివేయండి. 21 దగ్గర అడుగు అంచులు 33, 36. పై అంచులు 21, 30. కనుక 33 నుంచి 30 తీసివేస్తే 3. ఆరు సెంటీమీటర్ల కొంగలో మూడు, అంటే సగం. సున్నాగాని అంతకు తక్కువగాని వస్తే కొంగ ఇంకా కనబడటం లేదన్నమాట. ఫోను చేసే లెక్క కూడా ఇదే.

లెక్క తేలికే. చిక్కల్లా అడిగే తీరులో వచ్చింది. పాత పద్ధతిలో వేలు కదిలినప్పుడల్లా ప్రోగ్రాము ప్రతి బొమ్మనూ "ఎక్కడున్నావు?" అని అడిగేది. పేజీలో 40 బొమ్మలుండి, సెకనుకు 60 సార్లు అడిగితే 2,400 ప్రశ్నలు! జవాబు కోసం బ్రౌజరు ఒక్కొక్కసారి పేజీ అమరికనంతా మళ్ళీ లెక్కవేయాల్సి వచ్చేది. దాంతో పేజీ తడబడుతూ కదిలేది, బ్యాటరీ తరిగేది.

2016లో క్రోమ్ బ్రౌజరులో 'ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్' అనే ఏర్పాటు వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో 2017లో, సఫారీలో 2019లో వచ్చింది. ఇందులో ప్రోగ్రాము ఒక్కసారే చెప్పి ఊరుకుంటుంది: "ఈ బొమ్మ సగం కనబడగానే నాకు కబురు చెయ్యి." పేజీని గీసేది బ్రౌజరే కనుక ఏది ఎక్కడుందో దానికి ముందే తెలుసు. గీత దాటినప్పుడు మాత్రమే కబురు పంపుతుంది. మీరు క్షణానికోసారి మేడెక్కి చూడకుండా, పైనున్న అన్నయ్య "అదిగో రాకెట్!" అని కేక వేస్తే బయటికి వచ్చినట్టు.

ఇంకో సౌకర్యం ఉంది. కిటికీ కింది వైపు మరో 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉన్నట్టు లెక్కించమనవచ్చు. అప్పుడు మన పట్టీ మీద కబురు 18 దగ్గర కాక 13 దగ్గరే అందుతుంది. బొమ్మ వచ్చేందుకు వ్యవధి దొరుకుతుంది.

అయితే బొమ్మ తెర మీద ఉందని బ్రౌజరు చెప్పగలదు గాని, మీరు చూశారని చెప్పలేదు. మామూలు ప్రకటనలో సగం కనీసం ఒక సెకను తెర మీద ఉంటే చూడదగినట్టు లెక్కించవచ్చని 2014లో అమెరికాలోని మీడియా రేటింగ్ కౌన్సిల్ నియమం పెట్టింది. ఫోను బల్ల మీద వదిలి మీరు అన్నానికి వెళ్ళినా లెక్కలో పడవచ్చు! పేజీలో మీరు ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో కూడా ఇలాగే సైటుకు చేరవేయవచ్చు.

మన పట్టీ మీద మరికొన్ని బొమ్మలు వేసి మీ తమ్ముడికివ్వండి. ఏ గీత దగ్గర ఎన్ని సెకన్లు ఆగాడో పక్కన కూర్చుని రాసుకోండి. వాడికి ఏ బొమ్మ నచ్చిందో ఆ కాగితం చూసి చెప్పి, నిజమేనా అని వాడినే అడగండి.